పంపు, వద్దు

మెహ్జబీన్ ఫోన్ టింగుమంది. నరసరావుపేటలో మామ మీరా సాహెబ్ నడిపే మిక్సీల రిపేరు షాపుకు ఈ కొత్త కోడలు మొన్న తయారుచేసిన వెబ్‌సైట్‌లో మొదటి ఫారం వచ్చింది.

"మామూ! నకరికల్లు నుంచి పిలుపు!" కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది.

అంతలోనే ఇంకోటి, రొంపిచర్ల నుంచి. భర్త సమీర్ పెళ్ళాం వంక మురిపెంగా చూసి, పనిముట్ల సంచీ బండికి తగిలించుకుని బయల్దేరాడు.

మధ్యాహ్నం ముప్పాళ్ల నుంచి బసవమ్మ ఊడిపడింది, చంకలో మిక్సీతో.

"ఏంది సాహెబూ, ఇదేం న్యాయం? మీ సైట్‌లో పేరు రాసి, ఊరు రాసి, నిన్నట్నించి మనిషి కోసం చూస్తన్నా. పచ్చడి రోట్లో నూరలేక రెక్కలు పడిపోయినయ్!"

మెహ్జబీన్‌కు రోషం పొడుచుకొచ్చింది. "మీ ఫారం అసలు రాలేదు పెద్దమ్మా! చివర్లో చిన్న పెట్టె కనబడుతుంది. అందులో బటన్ నొక్కగానే ఫారం మాకొచ్చేలా జావాస్క్రిప్ట్ రాశాను. ఇందాకే రెండొచ్చాయి కూడా!"

"అంటే నేను అబద్ధాలాడతన్నానా? నీ కళ్ళ ముందే రాస్తా, చూడు."

బసవమ్మ తన ఫోన్‌లో పేరు, ఊరు, నంబరు నింపింది. పెట్టె వచ్చింది. రెండు బటన్లు: "పంపు", "వద్దు". ఆమె వేలు టక్కున "వద్దు" మీద పడింది. ఫారం మాయమైంది.

"వద్దని ఎందుకు నొక్కారు?" అరిచినంత పని చేసింది మెహ్జబీన్.

"నొక్కనా మరి? మిక్సీ చెడిందని నేను మొత్తుకుంటంటే పంపు అంటదేంది ఇది? మిరప చేలో మందు కొట్టే పంపు మాది బానే ఉంది!"

మెహ్జబీన్ గబుక్కున తన ఫోన్‌లో పొద్దుటి ఫారాలు తెరిచింది. మరైతే పొద్దున "పంపు" నొక్కిన ఆ ఇద్దరు?

ఫోన్ మోగింది. సమీర్.

"ఏమే, నన్ను ఎక్కడికి తోలావు? నకరికల్లులో మందు పంపు, రొంపిచర్లలో మందు పంపు! మిక్సీల వాణ్ణి బాబో అంటే, పంపు నొక్కితేనే గదా వచ్చావు అని నిలదీస్తన్నారు. చుట్టుపక్కలోళ్ళు గూడా పంపులు మోసుకొచ్చి ముందర పెడతన్నారు!"

మెహ్జబీన్ మొహం కందిపోయింది. "ఇప్పుడే మార్చేస్తా మామూ. ఆ బటన్ మీద 'సరే' అని పెడతా."

బసవమ్మ మిక్సీ విప్పుతున్న మీరా సాహెబ్ తలెత్తాడు.

"ఆ బటన్ ముట్టుకోమాక బేటీ. రేపు పొద్దున్నే మన షాపు బోర్డు మీద మిక్సీ చెరిపేసి పంపు రాయిద్దాం."