మూడోసారి

"ఈ చెప్పులు ఎవరికి కావాలి? వేలంపాట మొదలు."

పక్క మంచం ముసలాయన ఆమె భర్త చెప్పులు ఎత్తి పట్టుకుని వార్డంతా వినబడేలా అరిచాడు.

అరిచాడనడమే గానీ, ఆ గొంతు ఒట్టి బొంగురు. నాలుగు మాటలకోసారి గుటక వేసి, మెడకి చుట్టుకున్న తువ్వాలు సవరించుకుంటాడు. వచ్చిన రోజే ఆమె ఆయనకి బొంగురాయన అని పేరు పెట్టేసింది.

"ముందు అవి కింద పెట్టండి," అంది ఆమె.

"ఉండు చెల్లెమ్మా, బేరం చెడగొట్టకు. బావగారికి నడిచే పని లేదు కదా. ఒకటోసారి... రెండోసారి... అయిపోయింది, నాకే."

భర్త మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

భర్త కూరగాయల మార్కెట్లో వేలం వేసే మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. ఆ కోపం ఒక్కటి తగ్గితే చాలని ఆమె కాపురమంతా కోరుకుంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. వాటితోపాటు కోపమూ పోయింది. ఇప్పుడాయన ఒక్క తిట్టు తిట్టినా చాలని ఆమెకి ఏడుపొస్తోంది.

"ప్రయత్నం ఆయన్నుంచి రావాలమ్మా," అంది మాటలు నేర్పే డాక్టరమ్మ. "ఇలా గోడకి తిరిగి పడుకుంటే మాట ఇక రాకపోవచ్చు."

అందుకే ఇంటి నుంచి ఆయన గంట తెచ్చి తలగడ పక్కన పెట్టింది. వేలం వేసేవాళ్ళంతా గంటని ఒకే తీరున పట్టుకుంటారు. పిడి పట్టి, మోగకుండా లోపలి నాలుకని చూపుడువేలితో నొక్కిపెట్టి, 'మూడోసారి' అన్నాకే వేలు వదులుతారు. ఆ మాట పడందే సరుకు ఎవరిదీ కాదు. అది తప్పినవాణ్ణి ఆయన మనిషిగా లెక్కగట్టేవాడు కాదు.

గంట చూసినా భర్త కళ్ళు కదల్లేదు.

బొంగురాయన కళ్ళు మాత్రం కదిలాయి.

మర్నాడు దుప్పటి వేలానికొచ్చింది.

"ఉల్లిపాయల గోనె కన్నా కనాకష్టంగా ఉంది. ఒకటోసారి, రెండోసారి, అయిపోయింది."

భర్త దవడ బిగుసుకుంది. ఆమెకి భయమేసింది. మళ్ళీ రక్తపోటు పెరిగితే?

అలికిడికి సిస్టర్ వచ్చింది. "గొంతు పొదుపు చేసుకోమన్నాం కదండీ," అని బొంగురాయన్ని కసిరింది. ఆయన బుద్ధిమంతుడిలా తలూపి, ఆవిడ అటు తిరగ్గానే భర్తకేసి కన్ను కొట్టాడు.

ఆమె సిస్టర్ వెంటే వెళ్ళింది.

"ఆయన్ని ఇక్కణ్ణుంచి మార్చండి. పుండు మీద కారం చల్లుతున్నాడు."

"పైన మంచం లేక ఇక్కడ ఉంచామమ్మా. ఇవాళే ఒకటి ఖాళీ అయింది, రేపు పొద్దున ఎలాగూ తీసుకెళ్తాం."

"రేపటిదాకా ఆగలేను. ఇప్పుడే తీసుకెళ్ళండి."

తిరిగొచ్చేసరికి గంట బొంగురాయన చేతిలో ఉంది. అంచు పట్టుకుని, ఖాళీ గిన్నెలా ఊపుతున్నాడు.

"నోరు లేనివాడికి గంటెందుకు బావగారూ? పాత ఇత్తడి. పిల్లలు ఆడుకుంటారు. ఒకటోసారి..."

"అది ఇలా ఇవ్వండి."

"రెండోసారి..."

భర్త మొహం ఎర్రబడింది. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"అయిపోయింది. గంట నాదే."

"మూ..."

ఆమె ఆ శబ్దం వినిపించుకోలేదు. గంట లాక్కుని బొంగురాయన మీద విరుచుకుపడింది.

"మనిషివేనా నువ్వు? ఆయన ప్రాణం తీసేదాకా నిద్రపోవా? నీ నోరు పడిపోను."

ఆయన ఆమె భుజం మీదుగా భర్తనే చూస్తున్నాడు.

"మూ...డో...సారి," అన్నాడు భర్త. "మూడోసారి... అనాలి. వెధవా."

ఆమె గంట పట్టుకుని భర్త వైపు తిరిగింది.

అప్పటికే సిస్టర్ చక్రాల కుర్చీ తెచ్చింది. బొంగురాయన ఎక్కి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మాత్రం తల తిప్పాడు.

"విన్నావా చెల్లెమ్మా, తిట్టాడు."

ఆ తర్వాత భర్త ఆగలేదు. తలగడ బాలేదని తిట్టాడు. బొమ్మలు చూపించి 'ఇదేమిటి' అని అడిగినందుకు డాక్టరమ్మని తిట్టాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. కోపం ముందు నడుస్తుంటే మాటలు ఒక్కొక్కటిగా దాని వెంట వచ్చాయి.

బొంగురాయన్ని అన్న మాట మాత్రం ఆమె గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. కొన్నాళ్ళకి భర్తని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, గంట ఒళ్ళో పెట్టి, పై అంతస్తుకి తీసుకెళ్ళింది.

బొంగురాయన కిటికీ పక్కన పడుకుని ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి కట్టు.

"అన్నయ్యా, ఆ రోజు నోరు జారాను. మనసులో పెట్టుకోకండి."

ఆయన నవ్వాడు. ఏమీ అనలేదు.

"నా మీద కోపమా?"

"ఆయనిక మాట్లాడలేరమ్మా," అంది అక్కడి సిస్టర్. "మీ దగ్గర్నుంచి వచ్చిన మర్నాడే ఆపరేషనైంది. గొంతులో పుండు, స్వరపేటిక తీసేశారు. ఈలోగా మాట్లాడాల్సినవాళ్ళతో మాట్లాడుకోమన్నారు డాక్టరుగారు. మాట మాటకీ నొప్పే. ఉన్న ఆ కాస్త గొంతూ మీ వార్డులోనే ఖర్చుపెట్టి వచ్చారు."

ఆమె తలెత్తలేకపోయింది.

భర్త ఎడమచేత్తో గంట అందించాడు.

బొంగురాయన ఈసారి అంచు పట్టుకోలేదు. పిడి పట్టి, లోపలి నాలుకని చూపుడువేలితో నొక్కిపెట్టి, భర్త నోట 'మూడోసారి' వచ్చేదాకా ఆగి, అప్పుడు వేలు వదిలాడు.