ఆకాశరామన్న దొరికాడు

“చెప్పండి మాస్టారూ, నా మీద ఆ మెయిళ్లు రాసింది మీరేనా?”

తలుపైనా తట్టకుండా లోపలికొచ్చి, లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి అడిగింది ఆమె. దిద్దుతున్న పరీక్ష పేపరు పక్కన పెట్టి తలెత్తారు డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు. ఆమెకు సైబర్ సెక్యూరిటీలో ఓనమాలు దిద్దించింది ఆయనే.

“ఏ మెయిళ్లమ్మా?”

“ఏ మెయిళ్లా! నా ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు పైకి వెళ్లినప్పుడల్లా దాని వెనకాలే సెలక్షన్ బోర్డుకి వెళ్తున్న ఆకాశరామన్న మెయిళ్లు! పరిశోధన కాపీ కొట్టానని ఒకసారి, స్టూడెంట్ల పని నా పేరున వేసుకున్నానని ఇంకోసారి. సంజాయిషీలు రాసుకోవడంతోనే సరిపోయింది నా బతుకు. నా జూనియర్లంతా నా నెత్తి మీదికెక్కి కూర్చున్నారు.”

“నేనని ఎవరు చెప్పారు?”

“నా ప్రోగ్రామ్ చెప్పింది.”

ఆ ప్రోగ్రామే ఆమె పరిశోధన. పేరు దాచుకున్నవాడి రాతను తెలిసినవాళ్ల రాతలతో పోల్చి, ఇది ఫలానావాళ్లదని తేలుస్తుంది. రేపు ఇంటర్వ్యూలో ఆమె బోర్డు ముందు పెట్టబోయేది దాన్నే. డిపార్ట్‌మెంట్‌లో ఎవరెవరి నుంచో తనకు వచ్చిన మెయిళ్లన్నీ, సంజాయిషీ అడుగుతూ బోర్డు పంపిన ఆకాశరామన్న మెయిళ్లతో పాటు అందులో వేసి చూస్తే, మాటల పొందిక దగ్గర్నుంచి వాక్యం విరుపు దాకా అన్నీ హెడ్డుగారివేనని తేల్చేసింది.

“నేను రాయలేదు తల్లీ.”

“అయితే నా ప్రోగ్రామ్ అబద్ధం చెప్పిందన్నమాట. ఇన్నేళ్లూ తిండీ నిద్రా మానుకుని నేను చేసింది ఒట్టి చెత్త! సరే, ఇంక ఇంటర్వ్యూ ఎందుకు? రాజీనామా ఇక్కడే రాసిచ్చి పోతాను.”

ఆయన బల్ల మీది తెల్లకాగితమే లాక్కుని పెన్ను తీసింది. పైన తేదీ కూడా వేసేసింది.

ఆయన ఆ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆ పెన్ను పక్కన పెట్టు. నేనే రాశాను.”

ఆమె పెన్ను బల్ల మీదికి విసిరికొట్టింది.

“నమ్మించి గొంతు కోశారు కదండీ! ఫైలు వెనక్కొచ్చిన ప్రతిసారీ పక్కన కూర్చుని ఓదార్చారే, ఆ నోటితో! ఛీ, మిమ్మల్ని కన్నతండ్రి కన్నా ఎక్కువ అనుకున్నాను.”

“రేపు వెళ్లు. ధైర్యంగా చెప్పు. నా పేరు మాత్రం అక్కడ ఎత్తకు.”

“ఇప్పుడు గుర్తొచ్చిందా పరువు?”

తలుపు దడాలున వేసి వెళ్లిపోయింది.

మర్నాడు బోర్డు గదిలో ఆమె చెప్పిందంతా విని చైర్మన్ పెదవి విరిచారు.

“ల్యాబులో అన్నీ బాగానే ఉంటాయమ్మా. బయట నిజంగా ఎవరినైనా పట్టుకుందా ఇది?”

పేరు ఎత్తకూడదనే అనుకుని వచ్చింది. కానీ ఆ పెదవి విరుపు చూసేసరికి ఇన్నేళ్ల ఉక్రోషమూ ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

“పట్టుకుంది సార్! నా మీద మీకు మెయిళ్లు రాస్తున్న ఆకాశరామన్ననే పట్టుకుంది. మా హెడ్డుగారు! నా ఎదుటే ఒప్పుకున్నారు కూడా.”

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చైర్మన్ ఆమె ఫైలు మెల్లగా మూసేశారు.

“ఆ రాసినవాడు పోయినవారమే దొరికాడమ్మా. మీ హెడ్డు చెబుతుంటే ఏళ్ల తరబడి ఉత్తరాలు టైపు చేసి, ఆయన మాటతీరే ఒంటబట్టించుకున్న గుమాస్తా. వాణ్ని రెక్క పట్టుకుని మా ముందుకు లాక్కొచ్చింది మీ హెడ్డే!”