సంతోషమ్మ పెట్టిన రూలు

"సంతోషమ్మా! మీ అమ్మ మంచం దిగుతలేదు. ఇగ బీడీలు నువ్వే చుట్టాలె. బడి బంద్, పా!" గేటు దగ్గర నుంచి తండ్రి యెషయా పిలిచాడు.

పిల్లలు తాము కల్పించుకున్న సంకెలాటలో ఉన్నారు. పట్టుబడిన సంతోషమ్మ చుట్టూ అవతలి జట్టు చేతులు కలిపి నిలబడింది.

"పంపం!" అంటూ చేతులు బిగించారు.

"పరీక్షలైనంక మాన్పియ్యి, యెషయా," అంది టీచరు సరళాదేవి.

"కడుపు గప్పటిదాంక ఆగుతదా, టీచరమ్మా?"



"ఇడువుండ్రే," అంది సంతోషమ్మ. "మనోళ్లు పేరు పెట్టి పిలిస్తే ఇడ్వాలె. గా రూలు నేనే పెట్టిన గదనే."

చేతులు విడిపోయాయి. యెషయా కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటాడు.

వెనక నుంచి ఆమె జట్టంతా ఒక్కసారిగా అరిచింది: "సంతోషమ్మా!"

సంతోషమ్మ ఆగి తండ్రి ముఖంలోకి చూసింది.

యెషయా తల దించుకున్నాడు. చెయ్యి మాత్రం విడవలేదు.