ఆరోగ్యవంతుల ప్లేటు

"మళ్ళీ చచ్చాయి," అంది మెరెతె, మైక్రోస్కోపు మీది నుంచి తల ఎత్తకుండానే.

చావాల్సినవి కావవి.

ఆర్హుస్ నగరంలోని ఆ ఆస్పత్రి పై అంతస్తులో అస్తా అనే అమ్మాయి మామూలు ఫ్లూతో వెంటిలేటర్ మీద ఉంది. ఫ్లూను అడ్డుకునే జన్యువేదో ఆమెలో చెడింది. అదేదో తేలితే, లోపించిన రక్షణను మందుగా ఎక్కించవచ్చు. కింది ల్యాబులో మెరెతె అస్తా ముక్కులోని కణాలను పెంచి, అనుమానమున్న జన్యువులను ఒక్కొక్కటే సరిచేసి, పైన వైరస్ పోస్తోంది. ఒకే ఒక్క జన్యువును సరిచేసినప్పుడు కణాలు బతికాయి.

కానీ పోలిక కోసం పక్క ప్లేటులో పెట్టిన, ఆరోగ్యంగా ఉన్న మనిషి కణాలూ బతకాలి కదా. అవి చస్తున్నాయి.

"కాఫీ పోసినట్టు పోశావేమో!" అన్నాడు తోటి పరిశోధకుడు పాల్లె. "ఇవి చచ్చాయంటే పరీక్షే తప్పంటారు డాక్టర్లు. మందు ముట్టుకోరు."

"కొలిచే పోశాను పాల్లె. ప్రతిసారీ."

మెరెతె తినడానికి తెచ్చుకున్న రై రొట్టె బల్ల మీదే ఎండిపోతోంది. ఆమె బయటికొస్తే అస్తా తల్లి బోదిల్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఎంతసేపు డాక్టరమ్మా? మా అస్తా ఇంక ఆగేలా లేదు. పుట్టగానే తెచ్చుకుని పెంచుకున్నాం. కన్నతల్లి పేరు కూడా చెప్పలేదు మాకు. తెలిస్తే, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని కాళ్ళు పట్టుకుని అడిగేదాన్ని."

మెరెతె ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని ల్యాబులోకి నడిచింది.

లోపల పాల్లె విసుక్కున్నాడు. "ఆ ఆరోగ్యవంతుల ప్లేటులోనూ అదే జన్యువు సరిచేసి చూడరాదూ? పోయేదేముంది?"

చేసింది. మళ్ళీ కొలిచి వైరస్ పోసింది.

ఈసారి కణాలన్నీ బతికాయి.

జన్యువు చదివి చూశారు. అస్తాకు చెడిన చోటే, సరిగ్గా అలాగే చెడి ఉంది.

"దొరికింది! పరీక్షలో తప్పు లేదు, రెండు ప్లేట్లదీ ఒకటే లోపం. మందు మొదలెట్టమంటాను!" పాల్లె ఫోను అందుకుని ఆగాడు. "అయినా ఇంత అరుదైన లోపం బయటివాళ్ళకు ఉండదే. ఆ పిల్లకు రక్తసంబంధమే అయ్యుండాలి. ఇంతకీ ఎవరివీ కణాలు?"

పోలికకు ఎవరూ దొరకనప్పుడు ల్యాబులో అందరూ చేసినట్టే, మెరెతె ఆ కణాలను తన ముక్కులోంచే తీసుకుంది.