పదమూడు, పద్నాలుగు

"తలుపు వేసి కూర్చోండి," అంది స్కేలు టీచర్.

లిఫ్ట్ మెకానిక్ తలుపు వేశాడు. ఆటబొమ్మల షాపు వెనక గది అది. కిటికీ లేదు. అటూ ఇటూ కార్డుల పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో ఇరికించినట్టు ఒక బల్ల, రెండు కుర్చీలు. కూర్చుంటే మోకాళ్లు బల్లకు తగిలాయి.

టీచర్ ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పేది. రిటైరయ్యాక ఈ షాపులో కార్డుల ఆట లీగు నడుపుతోంది. ర్యాంకుల జాబితాలో ప్రతి గీతా స్కేలు పెట్టే గీస్తుంది. అందుకే ఆ పేరు.

"ఇరవై రెండు ఆదివారాలుగా మీ ర్యాంకు పదమూడు, కాదంటే పద్నాలుగు," అందామె. "పైకి పోరు, కిందికి రారు. అందరూ మిమ్మల్ని త్రిశంకు అంటున్నారు, తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మీ పక్క ర్యాంకు ఎప్పుడూ ఆ అమ్మాయిదే. కావాలని ఓడిపోతున్నారని నాకు ఫిర్యాదు వచ్చింది."



ఈ లీగులో అందరూ వెయ్యి పాయింట్లతో మొదలుపెడతారు. పై ర్యాంకువాణ్ణి ఓడిస్తే ఎక్కువ పాయింట్లొస్తాయి. కింది ర్యాంకువాడి చేతిలో ఓడితే ఎక్కువ పోతాయి. ఆదివారం తొలి ఆట పక్కపక్క ర్యాంకుల మధ్యే. ఒకటికి రెండుతో, మూడుకు నాలుగుతో, అలా. మిగతా మూడు ఆటలకు చీటీలు తీస్తారు. సాయంత్రానికి జాబితా తారుమారైపోతుంది.

పదమూడు, పద్నాలుగు మాత్రం విడిపోకూడదు. అదే అతని గుండెల్లో గుబులు.

ఏడాది కిందట ఈ భవనంలో లిఫ్ట్ బాగుచేయడానికి వచ్చి, గోడ మీది జాబితాలో ఒక పేరు చూసి ఆగిపోయాడు. ఆ పేరు పెట్టింది తనే.

కూతురు అతనితో మాట్లాడి నాలుగేళ్లు. భార్య ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉన్న మధ్యాహ్నం, అతను ఎక్కడో తొమ్మిది మంది ఇరుక్కుపోయిన లిఫ్ట్ దగ్గరున్నాడు. ఫోను పనిముట్ల సంచిలో ఏడుసార్లు మోగిందట. వెళ్లేసరికి అంతా అయిపోయింది.

"ఊళ్లోవాళ్లందర్నీ బయటికి తీస్తావు నాన్నా. అమ్మ దగ్గరికి మాత్రం రాలేవు."

అదే ఆఖరి మాట. తర్వాత ఆమె ఇల్లు మారింది, నంబరూ మార్చేసింది.

అందుకే యాభై ఎనిమిదేళ్ల వయసులో కార్డులు కొన్నాడు. కోటలు, డేగలు, సొరచేపలు. ఏది దేన్ని మింగుతుందో అన్నం డబ్బా పక్కన పెట్టుకుని బట్టీ పట్టాడు. అట్టడుగు నుంచి పద్నాలుగుకు పాకడానికి ఏడు నెలలు పట్టింది.

తొలిసారి ఎదురుగా అతన్ని చూసి ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. లేచిపోతుందనుకున్నాడు. కానీ ఆటకు ముందూ తర్వాతా చేతులు కలపాలన్నది లీగు నియమం. చెయ్యి చాపింది. కార్డు వేశాక "మీ వంతు" అనాలన్నది ఇంకో నియమం. అంది. బుద్ధెరిగాక ఆమె అతన్ని మీరు అనడం అదే మొదలు.

వారానికి నలభై నిమిషాలు. రెండుసార్లు చెయ్యి. ఓ ముప్ఫైసార్లు "మీ వంతు". అంతకుమించి ఒక్క మాట లేదు. ఒకసారి అతని కుడిచేతికి కట్టు ఉంటే, ఆమె తన ఎడమచెయ్యి చాపింది. ఆ వారమంతా అతనికి అదే పండగ.

మిగతా రోజులన్నీ లెక్కలే. ఎక్కువ గెలిస్తే పన్నెండుకు పోతాడు. ఎక్కువ ఓడితే పదిహేనుకు జారిపోతాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఆమె కూడా పెద్దగా పైకి పోకపోవడం తన అదృష్టం అనుకున్నాడు.

"నియమం తెలుసుగా?" టీచర్ స్కేలు బల్ల మీద ఆనించింది. "ఇద్దరూ కూడబలుక్కుని ఆడితే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాను. ఒక్కరే చేస్తే ఒక్కరిదే. ఇప్పుడు చెప్పండి."

నోరు మెదపకపోతే ఆమె పేరూ పోతుంది. మెదిపితే తన పేరు పోతుంది. ఆ చెయ్యి ఇక దొరకదు. గదిలో గాలాడటం లేదు. లేచి నిలబడదామన్నా చోటు లేదు.

"ఆ అమ్మాయికి ఏ పాపం తెలీదు మేడమ్," అన్నాడు. "నేనే. మూడుసార్లు కావాలని ఓడాను. మూడూ చీటీల ఆటలే. గెలిస్తే పన్నెండుకు పోయేవాణ్ణి. ఆమెతో మాత్రం ఎన్నడూ దొంగాట ఆడలేదు."

"పైకి పోతానని భయపడ్డ మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఎందుకు?"

"మా అమ్మాయి మేడమ్." అన్నాడతను. "ఇంకెక్కడా నాతో కూర్చోదు."

 టీచర్ ఒక తెల్లకాగితం అతని ముందుకు జరిపింది.

"చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెట్టండి."

రాశాడు. సంతకం పెట్టాడు.

"నా పేరు కొట్టేయండి. ఆమెది ఉంచండి. నేనెందుకు రాలేదని ఆదివారం ఆమె అడిగితే..." తల అడ్డంగా ఊపాడు. "అడగదులెండి."

టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. సొరుగు లాగి, మడతపెట్టిన ఇంకో కాగితం తీసి, అతని కాగితం పక్కన పరిచింది.

"మీరు మూడు ఆటలంటున్నారు గానీ, నిన్న మీ అమ్మాయి ఇదే కుర్చీలో కూర్చుని, 'మా నాన్నకు ఏ పాపం తెలీదు' అంటూ, పదకొండు ఆటలు కావాలనే ఓడానని సంతకం పెట్టి వెళ్లింది."