ఎంగిలి పడకముందే

"కుర్చీ రవ్వంత అట్ట జరుపుకోప్పా. కర్ర పెట్టుకుంటాను."

ఆదివారం మధ్యాహ్నం. పూతలపట్టు కూడలిలోని ఆ హోటల్లో ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీనే. అది నాగరాజు, లోహిత కూర్చున్న బల్ల దగ్గర ఉంది.

వచ్చిన పెద్దాయన చింతబరికెలా సన్నగా ఉన్నాడు. చెవులకు ఎర్రరాళ్ల పోగులు. ఎడమకాలు మోకాలి వరకే ఉంది. చంకకర్రను గోడకు ఆనించి కూర్చున్నాడు.

నాగరాజు కుర్చీ జరిపాడు కానీ, గోడ మీది నుంచి చూపు జరపలేదు.

గోడ మీద నిలువెత్తు ఫోటో. కుర్చీలో పట్టనంత మనిషి, బుగ్గల్లో కూరుకుపోయిన కళ్లు, మెడలో బంతిపూల దండ. కింద 'భీమ పళ్లెం ఒక్కడే తిన్న మొనగాడు' అని రాసి ఉంది.

"ఇన్నేండ్లలో ఆయన ఒక్కడే తిన్నాడంట. ఈ పొద్దు ఆ పక్కన నా ఫోటో పడాల," అన్నాడు నాగరాజు.

"దండతోనేనా?" అంది లోహిత.

"నీ నోరు మంచిది కాదే."

"నీ షుగరు మంచిదా? చిత్తూరు డాక్టరమ్మ ఏం చెప్పింది? ఆ వేలు సూసుకో ఒకసారి."

అతని కుడికాలి బొటనవేలికి కట్టు ఉంది. పలమనేరులో పాల క్యాను మీద పడింది. తగిలింది చిన్న దెబ్బే, ఎన్నాళ్లయినా మానడం లేదు.

"ఒక్క పూటకు ఏమీ కాదులే. సాయంత్రం తిరుపతిలో భవితకు చూపించాల. 'మా నాయన' అని హాస్టలంతా చెప్పుకుంటాది."

"ఏం చెప్పుకుంటాది? తిండిపోతని చెప్పుకుంటాది."

భీమ పళ్లెం వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చి దించారు. గుట్టలా బిరియాని, చుట్టూ నాటుకోడి ముక్కలు, గుడ్లు, ఒక పక్కన గుమ్మడికాయంత రాగిసంగటి ముద్ద. చుట్టుపక్కల బల్లల వాళ్లు ఫోన్లు పైకెత్తారు.

నాగరాజు చొక్కా చేతులు పైకి మడిచాడు.

"అప్పా," అన్నాడు పెద్దాయన. ఆయన ముందు చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు ఉన్నాయి. "చెయ్యి పెట్టకముందే సగానికి పైన తీసిచ్చేయ్. ఎంగిలి పడితే ఇంక ఎవురికీ పనికిరాదు."

"నా దుడ్డు, నా కడుపు. నీకేమి నొప్పి?"

"నొప్పి నీకే కదప్పా." ఆయన చూపు బల్ల కింద, వేలి కట్టు మీద ఉంది.

లోహితకు చివుక్కుమంది. ఇంట్లో తాను ఎన్నయినా అంటుంది. పరాయివాళ్లు నలుగురిలో అంటే ఎలా ఊరుకుంటుంది?

"మీ కూడు మీరు తినండి పెద్దాయనా. మా ఇంటాయన సంగతి నేను సూసుకుంటా."

ఆయన తల వంచుకున్నాడు.

నాగరాజు చెయ్యి పళ్లెం మీదికి వెళ్లింది.

"ఆకలిగా ఉండాదప్పా," అన్నాడు పెద్దాయన. "రవ్వంత పెట్టు."

నాగరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అన్నం ముందు కూర్చుని, ఆకలన్నవాడికి లేదనడం వాళ్లింట్లో లేదు. పైగా ఫోన్లన్నీ ఇటే చూస్తున్నాయి.

"ఇందుకా ఇంతసేపూ నీతులు చెప్పింది?" నాగరాజు ఖాళీ పళ్లెం ఒకటి లాక్కుని, గరిటెతో తోడి ఆయన ముందుకు తోశాడు. "చాలా?"

"చాలదప్పా."

మళ్లీ తోడాడు. "ఇప్పుడు?"

"ఆ కోడి కూడా. ఆ ముద్దలో పెద్ద సగం."

వెనక బల్లలో ఎవరో పకపకా నవ్వారు. "మనిషి సూస్తే కర్ర, కడుపు సూస్తే కాగు!"

హోటల్ యజమాని యోగానంద వచ్చి చూశాడు.

"ఇంకొకరికి పెట్టినాక పందెం లేదన్నా," అని వెళ్లిపోయాడు.

ఫోన్లు కిందికి దిగాయి.

నాగరాజు మిగిలింది తిన్నాడు. లోహిత కూడా అందులోనే తింది. ఇద్దరికీ కడుపు నిండింది.

"సిగ్గు లేకుంటే సరి, ఏమైనా అడగొచ్చు," అంది ఆమె, వినపడేటట్టే.

పెద్దాయన వినపడనట్టే తన చిన్న ముద్ద పప్పులో అద్దుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి కర్ర అందుకున్నాడు.

"వస్తానమ్మా. వేలు జాగ్రత్త."

బయట కాళహస్తి బస్సు కదలబోతూ హారన్ కొడుతోంది. ఆయన కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లి ఎక్కాడు.

అప్పుడు చూసింది లోహిత. తాము పెట్టిన పళ్లెం మీద విస్తరాకు కప్పి ఉంది. ఎత్తి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఒక్క మెతుకు కూడా ముట్టలేదే!"

యోగానంద వచ్చి ఆ పళ్లెం తీసుకున్నాడు. "ఆయన తినడమ్మా. ఎంగిలి పళ్లేదు కదా, వంటింట్లో మావాళ్లు తింటారు."

"మరి ఆకలన్నాడు?"

"కాలికి కట్టు కట్టుకోనొచ్చి ఎవురన్నా ఈ పళ్లెం ముందర కూర్చుంటే, ఆయనకు ఆకలేస్తాది."

నాగరాజు కాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"అడుక్కునేవాడని తిట్టినామే..." లోహిత గబగబా వాకిట్లోకి వచ్చింది. బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది. వెనక్కి వచ్చి అడిగింది, "ఎవురన్నా ఆయన?"

"ఏం చెప్పేది! వచ్చినప్పుడంతా ఆ ఫోటో తీసేయమని నాతో గలాటా. యాపారం పోతాదని నేను తీయను."

"ఫోటోతో ఆయనకేం పని?"

యోగానంద గోడ వైపు చూశాడు.

లోహిత కూడా తలెత్తింది. రెండు కాళ్లూ చాపుకుని కుర్చీ నిండా కూర్చున్న ఆ మొనగాడి చెవులకు, బంతిపూల దండకు కాస్త పైన, అవే ఎర్రరాళ్ల పోగులు.