పాత ట్యాంకు ఇస్తేనే

పుచ్చకాయ పెట్రోలు కంపు కొట్టింది.

మెదెర్ తల్లి ముక్క నోట్లో పెట్టుకుని తుపుక్కున ఉమ్మేసింది. "ఒరేయ్, ఇది తోటలో కాసిందా, బంకులో కాసిందా?"

కాయ వచ్చింది కారు డిక్కీలో. మెదెర్ వెళ్ళి డిక్కీ తెరిచి చూశాడు. ఆ పాత రష్యా జిగులీ కారుకి పెట్రోలు ట్యాంకు డిక్కీలోనే ఓ పక్కగా ఉంటుంది. నలభై ఏళ్ళ బండి. ట్యాంకు అడుగు తుప్పు పట్టి చుక్కచుక్కగా కారుతోంది.

ఆ సంగతి కొచ్కోర్ ఊరంతా పాకడానికి రెండు రోజులు చాలింది. మూడో రోజు పొద్దున్నే ఓ ముసలాయన పక్కన తొట్టి ఉన్న మోటార్ సైకిల్ మీద వచ్చి గుమ్మం ముందు ఆగాడు. తొట్టిలో ఓ మంచి ట్యాంకు ఉంది.

"నీ బండి ట్యాంకు పోయిందటగా, అబ్బాయ్?"

మెదెర్ భార్య గుల్సున్ రొట్టె పళ్ళెం పట్టుకొచ్చింది. ముసలాయన చిన్న తునక తుంచి నోట్లో వేసుకుని, నేరుగా బండి దగ్గరికి నడిచాడు.

"ఎంత తీసుకుంటావు, తాతా?" అన్నాడు మెదెర్.

"డబ్బులొద్దు. పాత ట్యాంకు ఇస్తేనే మారుస్తా."

మెదెర్ భార్య చెవిలో గొణిగాడు. "తుప్పు రేకుకి మంచి ట్యాంకా? ఏదో మతలబు ఉందే."

"మతలబు లేకుండా నీ మొహం చూసి ఎవరిస్తారులే," అంది గుల్సున్.

ముసలాయన పనితనం మాత్రం చూసి తీరాలి. ముందు మెదెర్ నోట్లోంచి సిగరెట్టు లాగి బురదలో తొక్కాడు. బ్యాటరీ వైరు ఊడదీశాడు. మిగిలిన పెట్రోలంతా గొట్టంతో డబ్బాలోకి దింపాడు. పట్టీ వదులు చేసి, పసిబిడ్డను ఎత్తినట్టు ట్యాంకును పైకి తీశాడు. కొత్తది కూర్చోబెట్టి, కొత్త రబ్బరు గొట్టం తొడిగి, ప్రతి అతుకునూ వేలితో తడిమి, ఆ వేలు వాసన చూసుకున్నాడు. పన్నెండేళ్ళు వెల్డింగ్ చేసిన మెదెర్‌కే ముచ్చటేసింది.

పని అయ్యేసరికి పాత ట్యాంకు కనిపించలేదు.

"ఏదయ్యా?"

మెదెర్ బుర్ర గోక్కున్నాడు. "అదొక్కటీ అడక్కు, తాతా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పెరట్లో స్నానాలగది కడుతున్నా. పైన కోసేస్తే ఆ ట్యాంకు వేడినీళ్ళకి భేషుగ్గా ఉంటుంది. కావాలంటే డబ్బులు తీసుకో. లేదా పాత రేడియేటర్ ఉంది, పట్టుకెళ్ళు."

"అందులో పెట్రోలు కంపు పోదు."

"వారం రోజులు ఎండబెడితే అదే పోతుంది."

ముసలాయన వెళ్ళి కారు ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"ఇదేం మొండితనం, తాతా! రేకు ముక్క కోసం ధర్నానా?"

ముసలాయన తలమీది తెల్ల ఉన్ని టోపీ తీసి మెదెర్ ముందు పెట్టాడు.

అందరూ బిత్తరపోయారు. తల అయినా ఇస్తారు కానీ టోపీ ఇవ్వరు ఆ ఊళ్ళో. మెదెర్ తల్లి గబగబా వచ్చి ఆ టోపీ తీసి, దులిపి, ఆయన తల మీద పెట్టింది.

"ఈయన ఉసురు మనకెందుకురా, ఆ తుప్పు ఈయన మొహాన కొట్టు," అంది.

మెదెర్ గొడ్లపాకలోంచి ట్యాంకు తెచ్చి తొట్టిలో ధడాలున పడేశాడు. "టోపీ తాకట్టు పెట్టే పాత సామాన్లవాణ్ణి ఇప్పుడే చూశా. తీసుకుపో, దీనితో మేడలు కట్టుకో."

"నువ్వు చల్లగా ఉండు నాయనా," అన్నాడు ముసలాయన. వెక్కిరించాడేమో అనుకున్నాడు మెదెర్.

నెల గడిచింది. స్నానాలగది గోడలు లేచాయి, నీళ్ళ ట్యాంకు మాత్రం లేదు. తల్లి మోకాళ్ళు పట్టుకుని రోజూ అటే చూస్తోంది.

"ఆ ముసలాయన ఇంట్లో ట్యాంకులు గుట్టలుగా ఉన్నాయట. వెళ్ళి ఒకటి కొనుక్కురా. అన్న మాటలకి కాస్త తల కూడా వంచు," అంది గుల్సున్.

మెదెర్ వెతుక్కుంటూ పక్క లోయకి వెళ్ళాడు. ఇంటి ముందు గడ్డిలో, విప్పేసిన గుడారం తాలూకు గుండ్రటి గుర్తు ఇంకా పచ్చబడలేదు. ఎవరైనా పోతే ఇంటి ముందు గుడారం వేయడం అక్కడి ఆచారం; ఆ ఇంట్లో ఎవరో పోయారని చూడగానే తెలిసింది.

నల్ల గుడ్డ తలకి చుట్టుకున్న ముసలమ్మ బయటికొచ్చింది. "మా ముసలాయన ఓసోర్ కోసమా? పోయి ఇరవై రోజులైంది, బాబూ. గుండె ఆగిపోయింది."

మెదెర్ తల వంచాడు. తర్వాత నెమ్మదిగా వచ్చిన పని చెప్పాడు.

ముసలమ్మ అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. ట్యాంకులు నిజంగానే గుట్టగా ఉన్నాయి. ప్రతిదానికీ నడుమ గొడ్డలి దెబ్బలు, జానెడేసి చిల్లులు. ఒక్కటీ ఎందుకూ పనికిరాదు.

"అన్నీ ఇలా పాడు చేశాడేమిటి? ఒక్కటీ అమ్మలేదా?"

"అమ్మడమా! మంచి ట్యాంకులు కొనడానికి ఉన్న గొర్రెలన్నీ ఆయనే అమ్మేశాడు. తెచ్చిన పాతదాన్ని నీళ్ళతో నింపి, గొడ్డలితో నరికేవాడు."

"ఎందుకమ్మా?"

"మా అబ్బాయి స్నానాలగదికని ఒక పాత పెట్రోలు ట్యాంకు కోయబోయాడు. నెల రోజులు ఎండబెట్టాడు కూడా. నిప్పు తగలగానే పేలిపోయింది. పిల్లాడు చేతికి కూడా దక్కలేదు."

మెదెర్ అన్నాడు: "ఆ మాట మాతో చెప్పొచ్చు కదా..."

"మొదట్లో చెప్పేవాడు. ఎండబెడతాంలే తాతా అని నవ్వేవారు. ఇంకొకరి గడపలో చావు మాట ఎత్తావంటూ తిట్టేవారు. చెప్పడం మానేసి, తీసుకురావడం మొదలుపెట్టాడు."

మెదెర్ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ముసలమ్మ అతని ఊరూ పేరూ అడగలేదు. గుట్ట పైనున్న ట్యాంకు మీద చెయ్యి వేసి చెప్పింది:

"ఆఖరుసారి దీన్ని నరికి వచ్చి, 'కొచ్కోర్‌లో మెదెర్ అని ఒకడు, తల్లి కోసం స్నానాలగది కట్టుకుంటున్నాడే, వాడు బతికాడు' అని ఆ పూట కడుపునిండా తిన్నాడు బాబూ."